ఇండోనేషియా పామాయిల్ ఊళ్ళు: డబ్బు ఎవరికి దక్కింది, భూమి ఎవరి చేతికి పోయింది

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సత్తుపల్లి దగ్గర మీ నాన్నగారికి ఎనిమిది ఎకరాలు ఉంది, పామాయిల్ వేయమని అందరూ చెబుతున్నారు. ఇండోనేషియాలో పామాయిల్ రైతులు కార్లు కొనుక్కున్నారని ఒక వీడియోలో చూశారు. అక్కడి ఆదివాసుల అడవులూ భూములూ కంపెనీలు లాక్కున్నాయని ఇంకో వీడియోలో చూశారు. ఏది నిజం, పామాయిల్ వచ్చాక అక్కడి ఊళ్ళు అసలు ఎలా మారాయి?

రెండూ నిజమే. ఒకే రోడ్డుకి అటువైపు మొదటి వీడియో, ఇటువైపు రెండో వీడియో తీయొచ్చు. నేను సుమత్రా దీవిలో రియావ్, జంబి ప్రాంతాల్లోనూ, తరవాత పశ్చిమ కాలిమంతాన్‌లోనూ పామాయిల్ మిల్లుల్లో చాలా ఏళ్ళు పనిచేశాను. కాలిమంతాన్ అంటే బోర్నియో దీవిలో ఇండోనేషియాకి చెందిన భాగం. మిల్లులో పనిచేసేవాడికి ఒక సౌకర్యం ఉంది. కంపెనీ తోట గెలలూ, చిన్న రైతు గెలలూ, దళారి లారీలో వచ్చిన గెలలూ అన్నీ ఒకే వేబ్రిడ్జి ఎక్కాలి. ఎవరికి ఎంత ముడుతోందో అక్కడ నిలబడితే తెలిసిపోతుంది. అందరూ వేసింది ఒకే చెట్టు. ఎవరు బాగుపడ్డారు, ఎవరు చితికిపోయారు అన్నది మాత్రం వాళ్ళ భూమి ఏ కాగితం మీద ఆ చెట్టు కిందికి వెళ్ళిందో దాన్నిబట్టి తేలింది. కాబట్టి ఈ జవాబులో చెట్టు గురించి తక్కువ, కాగితాల గురించి ఎక్కువ ఉంటుంది. ఓపిగ్గా చదవండి.

ముందు ఇది ఎంత పెద్ద వ్యవహారమో చూడండి. ఇండోనేషియా ప్రభుత్వ లెక్కల ప్రకారం అక్కడ పామాయిల్ సాగు సుమారు 1.6 కోట్ల హెక్టార్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ వైశాల్యం కూడా ఇంచుమించు అంతే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఊళ్ళూ, కొండలూ, నదులూ అన్నీ కలిపి పామాయిల్ తోటే అనుకోండి. ఇందులో దాదాపు 40 శాతం చిన్న రైతులది. మిగిలినదాంట్లో చాలా భాగం ప్రైవేటు కంపెనీలది, కొంత ప్రభుత్వ సంస్థలది. మన దేశం దిగుమతి చేసుకునే పామాయిల్‌లో పెద్ద వాటా అక్కడి నుంచే వస్తుంది. కాకినాడ రేవులో దిగే నూనెలోనూ అది ఉంటుంది. మిర్చిబజ్జీ బండి మూకుడులో కాగేది జంబిలో ఎవరో కోసిన గెల కావచ్చు.

చరిత్ర కొంచెం చెప్పక తప్పదు. పామాయిల్ ఆ దేశపు చెట్టు కాదు. పశ్చిమ ఆఫ్రికా జాతి నాలుగు మొక్కలు 1848లో జావాలోని బోగోర్ ఉద్యానవనానికి వచ్చాయి. వ్యాపారపు తోటలు సుమత్రాలో 1911లో మొదలయ్యాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి 1870లో జరిగింది. ఎవరూ హక్కు రుజువు చేసుకోలేని భూమి అంతా సర్కారుదే అని డచ్చివాళ్ళు రాసుకున్నారు. జావాతో మొదలుపెట్టి తరవాత మిగతా దీవులకీ అదే వర్తింపజేశారు. ఆ దీవుల్లో వ్యవసాయం మన ఏజెన్సీలో పోడులాగే ఉండేది. ఒక చెక్క నరికి, కాల్చి, ఒకటి రెండు పంటలు కొండవరి వేసి, రబ్బరు మొక్కలో పళ్ళ మొక్కలో నాటి వదిలేస్తారు. పది పదిహేనేళ్ళకి మళ్ళీ అక్కడికి వస్తారు. మధ్యలో ఆ నేల చూసేవాడికి అడవిలాగే కనిపిస్తుంది. ఏ కుటుంబం ఏ చెక్క మొదట నరికిందో ఊళ్ళో అందరికీ తెలుసు, కాగితం మాత్రం ఎవరి దగ్గరా ఉండదు. అంటే వాళ్ళకి ప్రాణాధారమైన ఖాళీ భూమే చట్టం దృష్టిలో సర్కారు బంజరు అయిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1960లో కొత్త భూమి చట్టం చేశారు. అందులో ఆచార హక్కుల (కాగితం లేకున్నా ఊరు తరతరాలుగా పాటించే హక్కుల) ప్రస్తావన ఉంది కానీ, దేశ ప్రయోజనాలకి అడ్డు రాకూడదని షరతు పెట్టారు. 1967లో మిలిటరీ పాలకుడు సుహార్తో హయాంలో అటవీ చట్టం వచ్చింది. ఆ తరవాత దేశంలో మూడింట రెండు వంతుల నేలని అటవీ ప్రాంతంగా గీత గీశారు. ఆ గీతల లోపల వందల ఏళ్ళుగా ఊళ్ళు ఉన్నాయి, శ్మశానాలు ఉన్నాయి, మామిడి తోటలు ఉన్నాయి. మ్యాపులో చెట్లు తప్ప ఇంకేమీ లేవు.

ఇక ముగ్గురు రైతుల సంగతి చెబుతాను. వీళ్ళు ఫలానా మనుషులు కారు. నా అనుభవంలో వేబ్రిడ్జి ఎక్కిన వాళ్ళలో ఎక్కువమంది ఈ మూడు రకాల్లో ఏదో ఒకదాంట్లోకి వస్తారు.

మొదటివాడు జావా నుంచి వలస వచ్చినవాడు. జావాలో జనం ఎక్కువ, భూమి తక్కువ. అక్కడివాళ్ళని బయట దీవులకి తరలించడం డచ్చివాళ్ళే 1905లో సుమత్రా దక్షిణాన ఉన్న లంపుంగ్‌లో మొదలుపెట్టారు. సుహార్తో దాన్ని ప్రపంచ బ్యాంకు అప్పుతో భారీగా నడిపించాడు. 1986 నుంచి ఈ వలస పథకాన్ని పామాయిల్‌తో ముడిపెట్టారు. మధ్యలో కంపెనీ సొంత తోటా మిల్లూ, దాన్ని ఇంతి అంటారు. చుట్టూ వలస కుటుంబాలకి తలా రెండు హెక్టార్ల తోట, దాన్ని ప్లాస్మా అంటారు. రెండు హెక్టార్లంటే మన లెక్కలో ఐదెకరాలు. ఇల్లు కట్టుకోవడానికీ, కూరగాయలు వేసుకోవడానికీ వేరే చెక్క ఇచ్చేవాళ్ళు. తోట వేసి పెంచిన ఖర్చు రైతు పేర అప్పుగా రాసి, గెలల డబ్బులో సాధారణంగా 30 శాతం పట్టుకునేవాళ్ళు. అప్పు తీరాక భూమికి సర్టిఫికెట్ చేతికిచ్చేవాళ్ళు.

మొదటి నాలుగైదేళ్ళు నరకం అని ఆ తరం వాళ్ళందరూ చెబుతారు. చెట్టు కాపుకి రాదు, అడవిపందులు మొవ్వ తినేస్తాయి, రోడ్డు లేదు, వర్షాకాలంలో బియ్యం లారీ రాదు. చాలామంది తమ వాటా కారుచౌకగా అమ్మేసి వెనక్కి పోయారు. ఉండిపోయినవాళ్ళకి కలిసొచ్చింది. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభం వచ్చింది. డాలరుకి సుమారు 2,400 ఉన్న రూపియా 1998 కల్లా 16,000 దాకా జారిపోయింది. నగరాల్లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, బ్యాంకులు కూలాయి, అదే ఏడాది మేలో సుహార్తో గద్దె దిగాడు. పామాయిల్, మిరియాలు, కాఫీ, కోకో మాత్రం డాలర్లలో అమ్ముడుపోయే పంటలు. ఆ ఏడాది ప్రభుత్వం పామాయిల్ ఎగుమతి మీద 60 శాతం దాకా పన్ను వేసి చాలావరకు లాగేసుకుంది. అయినా సావిత్ ఉన్నవాడికి తిండికి ఢోకా లేదు అన్న మాట ఆ రోజుల్లోనే ఊరూరా పాకింది. సావిత్ అంటే పామాయిల్. వీడియోలో మీరు చూసిన కార్ల రైతులు ఎక్కువగా ఈ బాపతు వాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. పక్కింటివాడు వెళ్ళిపోతూ అమ్మిన రెండు హెక్టార్లు కొన్నారు, ఇంకో పక్కదీ కొన్నారు. రేకుల ఇల్లు పోయి టైల్స్ ఇల్లు వచ్చింది. పిల్లలు యూనివర్సిటీకి వెళ్ళారు. హజ్‌కి పేర్లు నమోదు చేసుకుని ఏళ్ళ తరబడి వంతు కోసం ఎదురుచూస్తున్నారు. కొంతమంది ఇంటి వెనక కిటికీలు లేని మూడంతస్తుల కాంక్రీటు గూడు కట్టి, లోపల స్పీకర్లలో పక్షికూతలు పెడతారు. చైనా వాళ్ళు సూప్ చేసుకునే పిట్టగూళ్ళ కోసం అన్నమాట. ఊళ్ళో డబ్బు చేరిందనడానికి నేను చూసుకునే గుర్తు అదే.

రెండోవాడు ఆ నేలకి అసలు వారసుడు. సుమత్రాలో మలయు రైతు కావచ్చు, కాలిమంతాన్‌లో దయాక్ రైతు కావచ్చు. ఇతనికి పథకం వేరేగా ఉండేది. పశ్చిమ కాలిమంతాన్‌లోని సంగావ్ వైపు ఏడున్నర హెక్టార్లు అప్పగిస్తే రెండు హెక్టార్ల పామాయిల్ తోట తిరిగి ఇచ్చేవాళ్ళు, అదీ అప్పు మీద. మిగిలింది కంపెనీ తోటకీ, రోడ్లకీ. భూమి ఎక్కువ, చేతిలో డబ్బు లేదు, రోడ్డు వస్తుందంటున్నారు, బడి వస్తుందంటున్నారు. ఊరి పెద్ద సంతకం పెట్టాడు. సుహార్తో కాలంలో పెట్టనని చెప్పడం కూడా అంత తేలిక కాదు, పక్కన మిలిటరీ మనిషి కూర్చునేవాడు.

అసలు దెబ్బ ఇక్కడుంది, వీడియోల్లో ఎవరూ దీన్ని సరిగ్గా చెప్పరు. కంపెనీకి వచ్చేది సాగు హక్కు, 35 ఏళ్ళకి. దాన్ని ఇంకో 25 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. ఊరివాళ్ళు దీన్ని కౌలు అనుకున్నారు. గడువు తీరాక నేల మనవళ్ళకి తిరిగొస్తుందనుకున్నారు. వాళ్ళ ఆచారంలో బయటివాడికి భూమి వాడుకోనివ్వడం అంటే అంతే మరి. కానీ చట్టం ప్రకారం ఈ సాగు హక్కు సర్కారు భూమి మీదే ఇవ్వాలి. కాబట్టి కంపెనీ చేతికి వెళ్ళేముందు ఊరివాళ్ళు తమ హక్కు వదులుకున్నట్టు కాగితం రాయించుకుంటారు. నేల సర్కారుది అవుతుంది, సర్కారు కంపెనీకి ఇస్తుంది. గడువు తీరితే తిరిగి వెళ్ళేది సర్కారుకే. పరిహారం కూడా చాలాచోట్ల నేల మీదున్న రబ్బరు చెట్లకీ పళ్ళ చెట్లకీ లెక్కగట్టి ఇచ్చారు, నేలకి కాదు. 35 ఏళ్ళు నిండి కంపెనీ పొడిగింపు కోసం దరఖాస్తు పెట్టినప్పుడు మాత్రమే ఈ సంగతి బయటపడిన ఊళ్ళు ఉన్నాయి. అప్పటికి సంతకం పెట్టినవాళ్ళు పోయారు. వాళ్ళ కొడుకులు మిల్లు గేటుకి అడ్డంగా దుంగలు వేసి కూర్చున్నారు.

నేనున్న ఒక తోటలో, బ్లాకుల మధ్య ఓ చోట పది పదిహేను పాత దురియాన్ చెట్లని నరకకుండా వదిలేశారు. ఒప్పందంలో వాటి ఊసు ఉండబట్టి మిగిలాయి. దురియాన్ పండు కోయరు, పండి రాత్రిపూట తనంతట తనే రాలుతుంది. సీజన్‌లో ఊరివాళ్ళు కుటుంబాలతో వచ్చి చెట్ల కింద పాకలు వేసుకుని పడుకునేవాళ్ళు. ధబ్బుమని చప్పుడైతే టార్చిలైట్లు వెలుగుతాయి, ఏ చెట్టు ఏ తాతదో పిల్లలకి కూడా తెలుసు. అక్కడికి రావాలంటే మాత్రం సెక్యూరిటీ పోస్టు దగ్గర పేరు రాసి, గుర్తింపు కార్డు పెట్టి, పొద్దున వెళ్ళేటప్పుడు సంచి విప్పి చూపించాలి. లోపల పామాయిల్ కాయలు దొంగిలించలేదని రుజువు కోసం.

మూడోవాడు ఏ పథకంలోనూ లేనివాడు. 1998 తరవాత సొంతంగా భూమి కొనో, ఆక్రమించో తోట వేసినవాడు. చిన్న రైతుల్లో ఇప్పుడు ఎక్కువమంది వీళ్ళే. ఉత్తర సుమత్రా నుంచి వచ్చిన బతక్‌లు, జావా వాళ్ళు, పట్నంలో ఉండే టీచర్లు, పోలీసులు, ఆఫీసర్లు కూడా ఉంటారు. కొన్న నేలకి ఊరి పెద్ద ఇచ్చిన ధ్రువీకరణ పత్రం ఉంటుంది. చాలాసార్లు ఆ నేల అటవీ గీత లోపల ఉంటుంది. కొన్నవాడికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. మొక్క నర్సరీది కాకుండా ఎక్కడో చెట్టు కింద మొలిచింది తెచ్చి నాటినవాళ్ళూ ఉన్నారు. అలాంటి తోట గెలలో టెంక లావు, గుజ్జు పలుచన. అది చెట్టు కాపుకొచ్చాకగానీ తెలియదు.

ఈ మూడోవాడి గెల మిల్లుకి నేరుగా రాదు. గెల కోసిన 24 గంటల్లోపు మిల్లులో పడకపోతే నూనె నాణ్యత చెడుతుంది. మిల్లు యాభై కిలోమీటర్ల దూరంలో ఉంటుంది, ఈయన దగ్గర ఉన్నది ఓ మోటార్‌సైకిల్, దానికి రెండు వైపులా వెదురుబుట్టలు. అందుకని రోడ్డు పక్కన పెరోన్ అనే చిన్న కాటా దగ్గర తౌకేకి అమ్ముతాడు. తౌకే అంటే మన దళారి. అప్పూ ఆయనే ఇస్తాడు, ఎరువూ ఆయనే ఇస్తాడు, ధరా ఆయనే చెబుతాడు. ప్లాస్మా రైతుకి రాష్ట్ర స్థాయి కమిటీ చెట్టు వయసునిబట్టి ధర ప్రకటిస్తుంది. ఇతనికి అది కాగితం మీద చదువుకోవడానికి పనికొస్తుంది, అంతే. మిల్లు దగ్గరకొస్తే ఇంకో వరస. లారీ గెలలు సిమెంటు గచ్చు మీద పోస్తారు. గ్రేడరు ఇనప కొక్కెంతో ఒక్కో గెలనీ తిప్పి చూసి, పచ్చిది ఒక పక్కకి, కుళ్ళింది ఇంకో పక్కకి లాగేసి, మొత్తం తూకం మీద ఇంత శాతం తరుగు అని చీటీ రాస్తాడు. తౌకే ఆ తరుగుకి ఇంకొంచెం కలిపి రైతు దగ్గర పట్టుకుంటాడు. కాటా దగ్గర మన పత్తి రైతు మొహం చూసినవాళ్ళకి ఆ రైతు మొహం కొత్తగా ఏమీ అనిపించదు.

కంపెనీ లాక్కుంది అన్న కథలో చోటు దొరకని సంగతి ఇంకొకటి ఉంది. నా దృష్టిలో ఊళ్ళని లోపలి నుంచి ఎక్కువగా మార్చింది అదే. ఆ ప్రాంతాల్లో చాలాచోట్ల ఆచారం ఏమిటంటే, వరి వేసుకుంటే నేల ఊరిదే, చెట్టు నాటితే మాత్రం ఆ చెట్టు నాటినవాడిది. వరి తీశాక నేల మళ్ళీ ఉమ్మడిలోకి వస్తుంది, వచ్చేసారి కొత్తగా పెళ్ళయిన జంటకి ఇవ్వొచ్చు. పామాయిల్ చెట్టు పాతికేళ్ళు ఉంటుంది. అంటే ముందు నాటినవాడికి పాతికేళ్ళు ఆ నేల ఖాయం. చురుకైనవాళ్ళు, కొంచెం డబ్బున్నవాళ్ళు, ఊరి పెద్ద బంధువులు ముందే నాటేశారు. చిన్నవాళ్ళు పెద్దయి చూసేసరికి పోడుకి చెక్క లేదు. సులవేసి దీవి కొండల్లో 1990లలో కోకోతో ఇదే జరిగింది. బయటివాళ్ళు బలవంతంగా ఏమీ చేయలేదు. ఊరివాళ్ళే ఉత్సాహంగా కోకో నాటారు, అప్పుల్లో పడ్డవాళ్ళు తమ చెక్కని చుట్టాలకో, కింద నుంచి వచ్చిన బుగిస్ వలసదారులకో అమ్ముకున్నారు. ఒక తరంలోనే అన్నకి తోట, తమ్ముడికి ఆ తోటలో కూలి అయ్యింది. ఇందులో నేరం ఎవరి మీద మోపుతారు?

ఆడవాళ్ళ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పోడులో విత్తనం, కూరలు, రబ్బరు పాలు తీయడం అన్నింట్లో వాళ్ళ చేయి ఉండేది, కొన్నిచోట్ల భూమి హక్కూ ఉండేది. ప్లాస్మా కాగితం రాసినప్పుడు కుటుంబ యజమాని పేరు అడిగారు, మొగుడి పేరు రాశారు, సహకార సంఘంలో సభ్యుడూ ఆయనే. కంపెనీ తోటలో ఆడవాళ్ళకి దొరికేది రోజు కూలి. ఎరువు చల్లడం, కలుపుమందు కొట్టడం, గెల పడ్డప్పుడు చెదిరిన కాయలు ఏరడం. కోతగాడికి రోజువారీ టార్గెట్ ఉంటుంది, ఒక్కడివల్ల కాదు. భార్య వచ్చి కాయలు ఏరుతుంది, ఒక్కోసారి పిల్లలూ వస్తారు. మస్టరులో పేరు ఒక్కటే ఉంటుంది.

అందరికంటే అన్యాయమైపోయింది జంబిలోని ఒరాంగ్ రింబా. అడవిలో తిరిగి బతికే జనం. వాళ్ళ కోసం బుకిత్ దువాబెలాస్ నేషనల్ పార్కు 2000లో ప్రకటించారు కానీ, అప్పటికే చుట్టూ అడవి వలస కాలనీలుగా, తోటలుగా మారిపోయింది. పార్కు బయట ఉన్నవాళ్ళు పామాయిల్ చెట్ల కిందే టార్పాలిన్ కట్టుకుని ఉంటారు. రాలిన కాయలు ఏరి అమ్ముకుంటే దొంగతనం కేసు. ఆ నేల మీద వాళ్ళ తాతలు తిరిగారన్న సంగతికి ఏ ఆఫీసులోనూ రికార్డు లేదు.

ఇదంతా చూస్తూ ప్రభుత్వం ఊరికే కూర్చుందా అంటే, చట్టాలు చాలానే వచ్చాయి. 2001 నుంచి అధికారాలు జిల్లాలకి వెళ్ళాయి. భూమి ఉన్న మనిషి దగ్గరికే ఆఫీసు వచ్చిందని అందరూ సంబరపడ్డారు. జరిగింది ఏమిటంటే, జిల్లా అధిపతులు ఎన్నికల ఖర్చు కోసం పర్మిట్లు ఉదారంగా ఇచ్చేశారు. 2007లో కంపెనీలు తమ తోట విస్తీర్ణంలో 20 శాతానికి సమానంగా స్థానికులకి తోట వేసి ఇవ్వాలని నిబంధన తెచ్చారు. అమలు గురించి ఇప్పటికీ గొడవలు నడుస్తున్నాయి. పెద్ద మలుపు 2013 మే 16న వచ్చింది. ఆచార సమూహాల అడవి సర్కారు అడవి కాదు అని రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆదివాసీ సంఘాల సమాఖ్య అమన్ వేసిన కేసు అది. తీర్పు విని ఊళ్ళల్లో ఇది మా అడవి అని బోర్డులు పాతారు. కానీ ఎవరు ఆచార సమూహం అన్నది గుర్తించాలంటే ముందు స్థానిక ప్రభుత్వం చట్టం చేయాలి. అందుకని తొలి తొమ్మిది ఆచార అడవులకి గుర్తింపు కాగితం అందడానికి 2016 డిసెంబరు దాకా పట్టింది. 2018లో కొత్త పామాయిల్ పర్మిట్ల మీద మూడేళ్ళు నిషేధం పెట్టారు, 2021లో గడువు తీరింది, పొడిగించలేదు.

2015 పొగ సంగతి మీరు వినే ఉంటారు. ఆ ఏడాది సుమారు 26 లక్షల హెక్టార్లు తగలబడ్డాయి. అందులో సుమారు మూడో వంతు పీట్ నేల. అంటే వేల ఏళ్ళుగా కుళ్ళని ఆకులూ కొమ్మలూ పేరుకున్న బురద నేల. తోట వేయడానికి కాలవలు తవ్వి నీళ్ళు తీసేస్తే ఎండి, ఒకసారి అంటుకుంటే లోపల్లోపల వారాల తరబడి రాజుకుంటుంది. పోడు చేసే ముసలాళ్ళని నిప్పుపెట్టారని పోలీసులు పట్టుకెళ్ళారు. కాలవలు తవ్వించింది మాత్రం వాళ్ళు కాదు. సెంట్రల్ కాలిమంతాన్‌లో 1990ల మధ్యలో పది లక్షల హెక్టార్ల పీట్ నేలని వరి పొలాలుగా మారుస్తామని సుహార్తో ప్రభుత్వమే వేల కిలోమీటర్ల కాలవలు తవ్వించింది. వరి పండలేదు, నేల మాత్రం ఎండింది.

పామాయిల్ ఒక్కటే కాదు, నికెల్, బొగ్గు కథలూ ఉన్నాయి. అవి నేను దగ్గర నుంచి చూడలేదు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. ముడి నికెల్ ఎగుమతి 2020లో ఆపేశాక సులవేసిలోని మొరోవాలి లాంటి జాలర్ల తీరం చైనా పెట్టుబడితో పెద్ద పారిశ్రామికవాడ అయిపోయింది. జీతాలు వచ్చాయి, అద్దె గదులు వచ్చాయి, చేపలు తగ్గాయి. తూర్పు కాలిమంతాన్ బొగ్గు మన తీరంలోని కరెంటు ప్లాంట్లకీ వస్తుంది. అక్కడ సమరిందా చుట్టుపక్కల తవ్వి వదిలేసిన గోతుల్లో పడి పదులమంది పిల్లలు చనిపోయారు.

మళ్ళీ మన పామాయిల్‌కి వద్దాం. మొదటి తరం చెట్లకి ఇప్పుడు పాతికేళ్ళు దాటాయి. చెట్టు నాలుగంతస్తుల ఎత్తు పెరిగింది. పొడుగాటి గొట్టానికి కొడవలి కట్టి, మెడ విరిగేలా పైకి చూస్తూ కోయాలి. కాపు తగ్గింది. నరికి మళ్ళీ నాటితే మూడేళ్ళు ఆదాయం ఉండదు. ప్రభుత్వం 2017 నుంచి హెక్టారుకి రెండున్నర కోట్ల రూపియాలు సాయం ఇవ్వడం మొదలుపెట్టి, 2024లో ఆరు కోట్లకి పెంచింది. కోట్లు అంటే కంగారుపడకండి, ఆరు కోట్ల రూపియాలు మన డబ్బుల్లో మూడు లక్షల పైచిలుకు. అందుకోవాలంటే భూమి కాగితం సరిగ్గా ఉండాలి, అటవీ గీత లోపల ఉండకూడదు. సర్టిఫికెట్ ఉన్న జావా వలసదారుడు దరఖాస్తు పెట్టుకున్నాడు. మూడోవాడు ముసలి చెట్లనే ఇంకా కోస్తున్నాడు.

ఇక మీ ఎనిమిది ఎకరాలు. ఇండోనేషియా కథలో రెండోవాడికి జరిగింది మీకు జరగదు. మన దగ్గర భూపరిమితి చట్టం ఉంది, కంపెనీకి తోట ఉండదు, ఫ్యాక్టరీ జోన్ మాత్రమే ఉంటుంది. పట్టా మీ నాన్నగారి పేరునే ఉంటుంది. ఏజెన్సీ గ్రామాల్లో గిరిజనేతరులు భూమి కొనకుండా 1/70 చట్టం ఉంది. దమ్మపేట, అశ్వారావుపేట వైపు గిరిజనుల భూమి కౌలుకి తీసుకుని పామాయిల్ వేసే ఆలోచన ఎవరైనా మీ చెవిన వేస్తే మాత్రం దానికి దూరంగా ఉండండి. పాతికేళ్ళు తీయడానికి వీల్లేని చెట్టుని ఇంకొకరి నేలలో నాటడం అంటే ఏమవుతుందో పైన చదివారు.

మీకు దగ్గరగా వచ్చే పోలిక ప్లాస్మా రైతు. మీ జోన్‌కి కేటాయించిన మిల్లుకే గెలలు వేయాలి, ధర సర్కారు సూత్రం ప్రకారం నెలనెలా ప్రకటిస్తారు, ఆ సూత్రంలో గెల నుంచి నూనె ఎంత శాతం వస్తుందన్న లెక్క కీలకం. ఆ శాతం గురించి అశ్వారావుపేట, పెదవేగి రైతులు ఏళ్ళ తరబడి పోట్లాడారు, వాళ్ళని అడిగితే గంటసేపు చెబుతారు. ధర ప్రపంచ మార్కెట్‌తో ఊగుతుంది. 2022 ఏప్రిల్ 28న ఇండోనేషియా తన జనానికి వంటనూనె అందడం లేదని ఎగుమతి ఆపేసింది, మే 23న మళ్ళీ తెరిచింది. ఆ నెలలో ఇక్కడ నూనె ధర మండిపోయింది. అక్కడ మిల్లుల ట్యాంకులు నిండిపోయి గెలలు కొనేవాడు లేక రైతులు చెట్టుమీదే కుళ్ళబెట్టారు. ఒకే ఆర్డరు, ఇక్కడి రైతుకి లాభం, అక్కడి రైతుకి నష్టం. దిగుమతి సుంకం మన ప్రభుత్వం తగ్గించిన రోజున లెక్క తిరగబడుతుంది.

అక్కడ లేనిది, మీకు ఉన్నదీ ఇంకో సమస్య. నీళ్ళు. సుమత్రాలో ఏడాది పొడుగునా వాన పడుతుంది, తోటకి నీళ్ళు పెట్టడం నేను ఎక్కడా చూడలేదు. సత్తుపల్లిలో ఏప్రిల్, మే నెలల్లో పెద్ద చెట్టుకి రోజుకి 200 లీటర్ల పైనే కావాలి. ఎకరానికి 57 చెట్లు. ఎనిమిదెకరాలకి రోజుకి 90 వేల లీటర్లు దాటుతుంది, అదీ కరెంటు ఉన్న గంటల్లో. నీళ్ళు తగ్గిన ఏడాది మగ గెలలు (కాయ పట్టని పూగుత్తులు) ఎక్కువ వస్తాయి, దాని ప్రభావం ఏడాదిన్నర రెండేళ్ళ తరవాత దిగుబడిలో కనిపిస్తుంది. అప్పుడు ఎరువు మార్చమని సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది వస్తారు. కంపెనీ ఫీల్డ్ ఆఫీసరుతో మాట్లాడేటప్పుడు మిల్లు ఎంత దూరం, గెలల సెంటర్ మీ ఊళ్ళో ఉందా, రవాణా ఖర్చు ఎవరిది, కాటా దగ్గర తరుగు ఎంత, ఇవన్నీ రాతపూర్వకంగా అడగండి. బోర్లు ఎన్ని ఉన్నాయో, వేసవిలో గంటకి ఎన్ని నీళ్ళు పోస్తున్నాయో కొలిచి ఇక్కడ రాస్తే ఎనిమిదెకరాలూ వేయొచ్చా, నాలుగుతో ఆపాలా అన్నది లెక్క వేసి చెబుతాను.